వాకుడు పొగ

“నొప్పి పోయిందమ్మా, ఇంటికి పోదాం పా” అంటూ షాజాదీ కుర్చీ దిగబోయింది.

రాప్తాడు బడికి జీపులో వచ్చిన పండ్ల డాక్టరుకు నేను కొంగుముడి విప్పి చూపించాను. “మొన్న పాప పంటికి వాకుడు గింజల పొగ పట్టిస్తిని సార్. ఇవిగో, పంట్లోంచి రాలిన పురుగులు.”

ఆయన ఒకటి వేళ్ల మధ్య నలిపాడు. “ఇది పురుగు కాదు, గింజ పొట్టు అమ్మా. పన్ను లోలోపలే చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, చీము ఆగదు. పిల్లలకు ఆర్నెల్లకోసారి, పెద్దలకు ఏడాదికోసారి, నొప్పి లేనప్పుడే చూపించాలి.”

“నొప్పి లేకున్నా చూపించుకునేకి మేమేమన్నా జమీందార్లమా సార్?” అని నవ్వబోయి ఆగిపోయాను.

ఈ పాప చంకలో ఉన్నప్పుడు మా ఆయనకూ నేనే పొగ పట్టించాను. మరునాడు “నొప్పి పోయింది జుబేదా, సంగటి పెట్టు” అన్నాడు. మూడో నాటికి గొంతు వాచి, ఊపిరాడక చనిపోయాడు. గాలి సోకిందన్నారు. ఎనిమిదేండ్లుగా ఆ గాలినే తిట్టుకుంటున్నాను.

“నొప్పి పోయింది కదమ్మా!” షాజాదీ మళ్లీ అంది.

మా ఆయన గొంతే విన్నట్టయింది. కొంగులోని పొట్టు దులిపేసి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

“ఎంత ఏడ్చినా వదలను సార్. చూడండి.”