బసవరాజ్ గారి పద్ధతి

చర్చి గేటు దగ్గర బసవరాజ్ గారు బూట్లు విప్పారు. ఒకదాన్ని తలకిందులు చేస్తే లోపలినుంచి కందిగింజంత కంకర రాయి జారిపడింది. మేజోళ్లు కూడా తీసి బూట్లలో కుక్కారు.

"ఇక్కడే విప్పాలా? తలుపు అంత దూరం ఉంది కదా," అన్నారు.

"వాకిలి కూడా గుడి కిందే లెక్క సార్," అంది క్రిస్టినా.

గేటునుంచి తలుపు దాకా నలభై అడుగులు. అంతా నల్లటి కడప బండలు. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆరాధన ముగిసి జనం ఎప్పుడో వెళ్లిపోయారు.

వైద్య పరికరాల తయారీలో బసవరాజ్ గారిది ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన చేసినవి పదకొండు పరికరాలు ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్నాయి. కొత్తగా ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు కడపలో పదిరోజుల శిక్షణ పెడితే, నేర్పడానికి బెంగళూరునుంచి వచ్చారు. పన్నెండుమందిలో ఒక్కరిని ఆయన ఎంపిక చేస్తారు. ఆ ఒక్కరి పరికరాన్ని కర్నూలులో వందమంది రోగులకు ఇచ్చి చూస్తారు. తొమ్మిది రోజుల్లో క్రిస్టినా రెండు నోటుపుస్తకాలు నింపింది. నోరు మాత్రం పెద్దగా విప్పలేదు.

ఆమె చేసింది చీలమండకు కట్టుకునే పట్టీ. కింద నేల కాలుతుంటే కూత పెడుతుంది. చక్కెర జబ్బు ముదిరి పాదాలు మొద్దుబారినవాళ్ల కోసం చేసింది. మిగతావాళ్లు ఈ వాకిట్లో గోడనీడ పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తారు. వేడి తెలియనివాళ్లు నడిమధ్యన నిదానంగా, ప్రార్థన చెప్పుకుంటూ వస్తారు. అట్లా ఆరుగురి అరికాళ్లు బొబ్బలెక్కాయి. అందులో మొదటివాడు లేవి అనే ఆమె తాత. పోయిన ఏడాది ఈస్టరుకు ముందరి మట్టల ఆదివారం నాడు బొబ్బ. వానాకాలానికి పాదం తీసేశారు. క్రిస్మస్ దాకా ఉండలేదు. శిక్షణలో ఇదంతా చెప్పినప్పుడు ఆమె గొంతు మారలేదు. ఎవరిదో కాగితం చదువుతున్నట్టు చెప్పింది.

బసవరాజ్ గారు నమ్మలేదు. కాళ్లు మొద్దుబారడం ఆయనకు తెలుసు. బండ అంత కాలుతుందంటేనే అనుమానం. ఆ పుండ్లు పొలంలో పడి ఉంటాయని, తాతమీది ప్రేమకొద్దీ బండల్ని తప్పుపట్టవద్దని అన్నారు. అయినా చూడకుండా కాదనే మనిషి కాదు. గంటన్నర కారులో కూర్చుని ఇంత దూరం వచ్చారు.

ఆయన పద్ధతి ఆయనకుంది. ముందు అవసరం కనబడాలి, తర్వాతే వస్తువు. కాగితంమీది కొలతలు పనికిరావు. తన పదకొండు పరికరాల్నీ మొదట తన ఒంటికే తగిలించుకుని చూశానని మొదటిరోజే చెప్పారు. అందుకే ఈ రోజు పట్టీని సంచిలోనే ఉంచమన్నారు. వేడి కొలిచే మీటరును కూడా.

విశ్వాసమ్మ గోడవారగా వచ్చింది. చర్చి ఊడ్చేదీ గంట కొట్టేదీ ఆమే. క్రిస్టినాకు మేనత్త. చేతిలో నన్నారి షర్బత్ గ్లాసు.

"రాండి సార్, ఎండన పడి వచ్చినారు. ఏమ్మే, సార్‌కు నీడన కుర్చీ వెయ్యాలని గూడా తెలీదా నీకు? ఇన్ని దినాలు ఏం నేర్చుకున్యావు ఆడ?"

"కుర్చీలు వెయ్యడం నేను నేర్పలేదమ్మా," అన్నారు బసవరాజ్ గారు.

తీపి మానేసి ఏళ్లయిందని, మజ్జిగ ఉంటే చాలని అన్నారు. తెస్తాండానంటూ ఆమె ఇంటివైపు పోయింది.

ఆయన క్రిస్టినాను గేటు దగ్గర వేపచెట్టు నీడలోనే ఉండమన్నారు. పక్కనుంటే ఆమె మొహం చూసి మార్కులు వేయాల్సి వస్తుందట. ఒక్కరే బండలమీదికి దిగారు. నీడవైపు పోలేదు. నడిమధ్యకు నడిచి ఆగారు. చేతులు వెనక్కి కట్టుకుని శిలువను చూశారు. శంకుస్థాపన రాయి చదివారు. ఫోనొస్తే నిలబడే మాట్లాడారు. క్రిస్టినా వాచీ చూసుకుంది. నాలుగు నిమిషాలు.

అదే దారిన, తొందర లేకుండా తిరిగి వచ్చారు.

"హాయిగానే ఉంది," అన్నారు. దయగానే అన్నారు. "నీ కష్టాన్ని కాదనను. కానీ లేని అవసరానికి వస్తువు చేశావు. మొదట్లో అందరూ చేసే పొరపాటే."

"ఇంకొకసారి చూస్తారా సార్?"

"నా కాళ్లే చెప్పాయి కదమ్మా."

ఫోనులో జాబితా తీసి ఆమె పేరుమీద గీత గీశారు. ఆమెకు కనబడేలాగే గీశారు. క్రిస్టినాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు.

తట్టింది ఒక్కటే. విశ్వాసమ్మ. పాస్టరుగారి ఇంటికి చుట్టాలొచ్చినా, పెళ్లివాళ్లు వచ్చినా, వాళ్ల కాళ్లు కాలకూడదని ముందే బిందెలతో నీళ్లు మోసి బండలు తడుపుతుంది. అది ఆమె మర్యాద. బెంగళూరు సార్ వస్తుంటే ఊరుకుంటుందా? ఈ ఎండకు తడి రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, చల్లదనం కాసేపుంటుంది. తాతకు ఎవరూ పొయ్యని నీళ్లు సార్‌కు పోసి ఉంటుంది. ఈ రోజు వద్దత్తా అని చెప్పాల్సింది తనే. అన్నీ రాసుకుంది, ఈ ఒక్కటీ రాసుకోలేదు.

సార్‌తో చెబితే నెపం అత్తమీద వేసినట్టవుతుంది.

బసవరాజ్ గారు గేటు అరుగుమీద కూర్చుని, వచ్చే ఏడు ఇంకో ఆలోచనతో రమ్మని చెబుతూ మేజోళ్లు తొడుక్కుంటున్నారు. క్రిస్టినా తలూపింది.

నీళ్ల చల్లదనం ఇంకా ఎంత మిగిలిందో చూద్దామని వంగి, వేపనీడ దాటి ఆయన ఇప్పుడే నడిచివచ్చిన మొదటి బండమీద అరచెయ్యి ఆనించిన క్రిస్టినా, చురుక్కుమంటే వెనక్కి లాక్కుని ఆయన పాదాలవైపు చూసింది.