ఎర్రరంగు పూసిన సీసాలు

"నిన్న నేను పారేసిన పగిలిన సీసాలే మళ్ళీ నాకే అమ్మేస్తావేటే?"

గోపాల్‌పూర్ తీరంలో పాత సీసాలు కొనే అప్పయ్య ఆమె తెచ్చిన గోనె బోర్లించి కసిరాడు. పనికిరానివి తిరిగి తన కాటాకెక్కకుండా వాటికి ఎర్రరంగు పూసి, కొట్టు వెనక ఇసుకలోకి విసిరేయడం అతని వాడుక.

"అమ్మడానికి కాదు, అప్పజెప్పడానికి తెచ్చినాను," అంది సీసాలేరుకునే కన్నమ్మ. కొంగులోంచి గాజుపెంకు తీసింది. "పొద్దున్న నీ కొట్టెనక ఇసకలోంచి వల లాగడానికెల్తుంటే మా ఇంటాయన అరికాల్లో దిగింది ఇదే. నీ రంగే, సూడు."

అప్పయ్య చూశాడు. ఆ సరుకు తనది కాదని బుకాయించే దారి లేదు.

"ఎంతిమ్మంటావు?" అన్నాడు గొంతు తగ్గించి.

"డబ్బులెవులడిగినారు? రేపు వల లాగడానికి మడిసి తక్కువైనాడు. నువ్వు రా."

అప్పయ్య అయిష్టంగా తలూపాడు.

"సెప్పులిక్కడే ఇప్పేసి రా, సావుకారూ."