మెట్ల మీద పెద్దమ్మ

"ఎటు పోతానవ్ బిడ్డా?"

మెట్లకు అడ్డంగా కూర్చున్న పెద్దామె అడిగింది. నేత చీర, ఒళ్లో చిన్న చేతిసంచి.

తిరుమలకు ఒళ్లు మండింది. మంచి పని మీద పోయే ఆడపిల్లను ఎటు అని అడగకూడదన్న ఇంగితం కూడా లేదా ఈ మనిషికి!

"ఇంటర్వ్యూకు పెద్దమ్మా. జర జరుగు."

"ఒక్కదానివే వచ్చినవా?"

"అవ్."

"ఏ బిల్డింగుకు వచ్చినవో ఇంట్ల ఎరికేనా?"

ఇంట్లో వాళ్లకు 'హన్మకొండల ఇంటర్వ్యూ' అన్నంత వరకే తెలుసు. వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ పట్టుకుని, పాలకుర్తి నుంచి బస్సెక్కి, సుబేదారిలో ఈ సందు వెతుక్కుంటూ వచ్చింది తిరుమల. నాన్న యాకయ్య పత్తి మిల్లులో నడుం విరిగి మంచాన పడ్డాడు. అమ్మ కట్టమ్మ కూలికి పోతేనే పొయ్యి వెలుగుతోంది. ఈ రిసెప్షనిస్టు ఉద్యోగం వస్తే అమ్మను ఇంటి పట్టున ఉంచొచ్చు. రాకపోతే? ఆ మాట తలుచుకోవడానికే భయం.

"అసలు సర్టిఫికెట్లు తెచ్చినవా?"

"తెమ్మన్నరు. తెచ్చిన."

"ఇయ్యకు. జిరాక్సులే ఇయ్యి. అసలుయి చూపిచ్చి మళ్ల సంచిల వెట్టుకో. తలుపు దగ్గరికేస్తే లేచి నిలవడు. వాళ్లిచ్చిన నీళ్లు తాగకు. ఇదివరకు ఈడ పనికి కుదిరిన పిల్ల ఫోన్ నంబర్ అడుగు. ఇయ్యకుంటే దిగిరా."

"నీకెందుకు పెద్దమ్మా ఇయ్యన్ని?"

ఆమె తిరుమల చెయ్యి పట్టుకుంది.

తిరుమల విడిపించుకుని పైకెక్కింది. వెనకే ఆమె కూడా ఎక్కింది.

పై గదికి బోర్డు లేదు. బల్ల వెనక చలువ చొక్కా వేసుకుని ఒకడు కూర్చున్నాడు. మేనేజర్ రమాకాంత్‌నని ఫోన్‌లో మాట్లాడింది వాడే. తిరుమలను చూసి నవ్వాడు. వెనకున్న పెద్దామెను చూడగానే నవ్వు ఆగిపోయింది.

"ఈ పిల్ల నా బిడ్డ. నేను గూడ కూసుంట" అంది ఆమె.

"మళ్ల వచ్చినవా? నడువ్ కిందికి!" అరిచాడు. తిరుమల వైపు తిరిగాడు. "ఈమె నీకేమైతదమ్మా?"

ఈ ముసలామె వల్ల వచ్చే ఉద్యోగం కాస్తా పోయేట్టుంది!

"ఏం గాదు సార్. నాకు తెల్వనే తెల్వదు."

పెద్దామె తిరుమల ముఖంలోకి ఒకసారి చూసింది. రమాకాంత్ ఆమెను భుజం పట్టి బయటికి నెట్టి తలుపేశాడు.

"మతి సక్కగ లేదు. రోజు ఇదే లొల్లి. నువ్వేం ఫికర్ జేయకు."

సర్టిఫికెట్లు అడిగాడు. ఇచ్చింది. చూడకుండానే సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఫోన్ స్విచాఫ్ చేసి ఇక్కడ పెట్టు. రూల్."

పెట్టింది.

"సెలెక్ట్ అయినవ్. హైదరాబాద్‌ల ట్రైనింగ్. కారు వస్తాంది, ఇప్పుడే బయల్దేరాలె."

ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే ఉద్యోగమా?

"ఇంట్ల చెప్పి రేపొస్త సార్."

"రేపటికి వేరే పిల్ల వస్తది. నీళ్లు తాగు, నిమ్మళంగ ఆలోచించు."

గ్లాసు ముందుకు జరిపాడు. లేచి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టాడు.

"ఇదివరకు... ఈడ చేరిన అమ్మాయి నంబరు ఇస్తరా సార్?"

రమాకాంత్ నవ్వలేదు. "ఎవలు నేర్పిన్రు నీకీ మాట?" అంటూ దగ్గరికొచ్చాడు.

తిరుమల లేచి నిలబడింది.

అప్పుడు దబదబా తలుపు మోగింది.

"నా బిడ్డను బయటికి పంపు! పంపుతవా, వాడకట్టంత పిలవాల్నా!"

బాదుతూనే ఉంది. కింద ఎవరో "ఏందా లొల్లి?" అని కేకేశారు. రమాకాంత్ పళ్లు కొరుకుతూ గొళ్లెం తీశాడు.

తిరుమల ఫోన్ అందుకుని, వాడి పక్క నుంచి దూసుకుపోయి మెట్లు దిగేసింది. వెనక పెనుగులాట. ఒక కేక. ధడేల్‌మని ఏదో పడిన చప్పుడు.

ఆగలేదు. వెనక్కి చూడలేదు. చూస్తే తనను మళ్లీ లాక్కుపోతారన్న భయం.

ఇల్లు చేరాక అమ్మ ఒళ్లో పడి ఏడ్చింది. అంతా విన్న కట్టమ్మ తెల్లారగానే కూతురిని వెంటబెట్టుకుని సుబేదారికి బయల్దేరింది.

"సర్టిఫికెట్లు పోతే పోనియ్. మళ్ల తెచ్చుకోవచ్చు. ముందు ఆమె యాడున్నదో చెప్పు, కాళ్లు మొక్కుత."

మెట్లు ఖాళీగా ఉన్నాయి. పైన తాళం. మెట్ల మీది పెద్దామె ఏదని అడిగితే, కింది దుకాణంలో టైలర్ సారంగపాణి కుట్టే గుడ్డ పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"ఆమెనా? మెట్ల మీది నుంచి పడ్డది. నేనే ఆటోల దవాఖానకు తీస్కపోయిన. పొద్దుగాల పానం పోయింది."

తిరుమల అక్కడే కూలబడింది.

"పడలే! వాడే తోసిండు! నేను చెప్త పోలీసులకు!"

"పోలీసులు వచ్చిన్రమ్మా. మాటున్నప్పుడే అడిగిన్రు. కాలు జారిందనే చెప్పింది. వచ్చిన ప్రతి పిల్లకు జాగ్రత్త చెప్పేది గని, స్టేషన్‌ల చెప్పు అంటె లేచి ఎల్లిపోయేది."

"వాన్ని ఎందుకు కాపాడింది?" తిరుమల ఏడుస్తూనే అడిగింది.

సారంగపాణి పై గది తాళం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఎట్ల చెప్తది బిడ్డా... వాడు ఆమె కడుపున పుట్టిన కొడుకు."