మాకు తెల్వదు సార్

అడవి దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఖమ్మం పోయే బస్సును ఆపారు.

వెనక సీటులో కూర్చున్న ఒకామె సంచి తెరిచి చూసి, కానిస్టేబుల్ ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

సంచిలో ఇనుప గుండు ఉంది.

"బాంబు" అన్నారెవరో. అంతే, బస్సు ఖాళీ అయింది.

"బాంబు కాదు సార్. షాట్‌పుట్ గుండు, ఆటలది," అంది ఆమె కిందికి దిగి.

పొడుగు మనిషి. వెడల్పు భుజాలు, కత్తిరించిన జుట్టు, మగవాళ్ల చొక్కా.

కానిస్టేబుల్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపుకే ఒళ్లు కంపరమెత్తుతుంది.

"ఇంతకీ నువ్వు ఆడదానివా, మొగోనివా?"

జనం నవ్వారు. ప్రాణభయంతో వణుకుతూ కూడా నవ్వారు, ఛీ.

"ఏ దళం నీది?"

"దళం లేదు, గిళం లేదు. ఖమ్మం ఫోన్ చేసి అడుగుండ్రి సార్."

"ఈ అడవిల టవరేడుంది?"

"పోనీ, ఇసిరి సూపిస్త. మీకే ఎరుకైతది."

ఆమె గుండు చేతిలోకి తీసుకోగానే తుపాకులున్నవాళ్లు కూడా చెట్ల చాటుకు పోయారు.

"కింద పెట్టు, కింద పెట్టు. ఇసిరితే పేలదా?"

పేలేదాన్ని సంచిలో వేసుకుని ఈ గుంతల రోడ్డు మీద ఎవరైనా బస్సెక్కుతారా? ఆ మాట అడిగే బుర్ర ఒక్కరికీ లేదు.

సోనికి మాత్రం అది ఏ గుండో తెలుసు. పినపాక అవతలి తండా పిల్ల. క్రీడా హాస్టల్ సెలక్షన్‌కని తండ్రి హాతీరాంతో ఖమ్మం పోతోంది. దారి పొడవునా ఆమె పక్కనే కూర్చుంది.

"బడిల గుండుంటే సార్ బీరువల పెట్టి తాళమేసిండు. నేను రాయితోనే ఇసుర్త," అని సోని చెప్తే, ఆమె ఆ అరచేయి తడిమి చూసి మురిసిపోయింది.

ఎస్సై వచ్చాడు. "ఈమె ఎవరికన్నా ఎరుకేనా?"

ఆ అడవిలో చెక్‌పోస్టు దగ్గర ఎవరికీ ఎవరూ తెలియరు. తెలుసన్నవాడి పేరు రాసుకుంటారు, ఇక వాడికి నిద్ర ఉండదు.

"అది ఆటగుండే సార్..." సోని నోరు తెరిచింది.

హాతీరాం ఆ నోరు మూసేశాడు.

"మాకు తెల్వదు సార్. ఆమె ఎవరో, మేమెవరో."

అప్పటిదాకా ఆమె ఇచ్చిన పల్లీలు నమిలిన నోరే అది.

ఆమె హాతీరాం వైపు ఒకసారి చూసి, ఎస్సైతో అంది.

"అవ్ సార్, వాళ్లకు నేను తెల్వదు. బస్సును పోనియ్యుండ్రి. పిల్లకు సెలక్షనుంది, టైమైతది."

బస్సు కదిలింది. ఆమె రోడ్డు పక్కన చేతులు పైకెత్తి నిలబడి ఉంది.

"పీడ పోయింది," అని ఒకాయన కిటికీలోంచి కిళ్లీ ఉమ్మేశాడు.

ఖమ్మంలో సోని అందరికన్నా దూరం విసిరింది. అయినా సెలక్షన్ చేసే బాబూరావు వేరే పిల్ల పేరు చదివాడు.

"మా పోరే దూరమేసింది గద సార్," అన్నాడు హాతీరాం చేతులు జోడించి.

"ఏస్తే? తండా పిల్లలు నెల తిరక్కముందే పారిపోతరు. వద్దని మేమందరం ముందే అన్నం."

"అందరూనా సార్?"

"ఒక్క మా కోచ్ సోమ్లి మేడమే కొట్లాడింది. నేషనల్ మెడల్ కొట్టిన మనిషి, ఆమె ఉంటే ఆఖరి మాట ఆమెదే," అన్నాడు బాబూరావు కాగితాలు సర్దుకుంటూ. "మీ తండాల పిల్లనే తీసుకుంటనని మొండికేసి, నిన్న పొద్దుగాల్నే పినపాక బస్సెక్కిందట, ఏమైందో ఇంకా రాలె."