ఏ ఆయిల్ పొయ్యాలి?

"బండి పెట్రోలుదా, డీజిలుదా?"

అడిగాక గానీ అన్నకు తట్టలేదు, పదకొండేళ్ల తర్వాత తమ్ముడితో తను మాట్లాడిన మొదటి మాట అదేనని.

కౌంటరుకు అవతల నిలబడి ఉన్నాడు తమ్ముడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. "పెట్రోలే అనుకో అన్నయ్యా."

"అనుకోవడమేమిట్రా? కారు కొన్నవాడివి నువ్వు."

ఆయిల్ కొట్టు యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి నవ్వాడు. "అంత కారున్నాయనకి డ్రైవరు ఉండడా పెద్దాయనా? ఆయనకేం తెలుస్తుంది, వెనక కూర్చుని పేపరు చదువుకోవడం తప్ప."

తమ్ముడూ నవ్వాడు. కారు కంపెనీ పేరు చెప్పాడు. ఆ కంపెనీలో చిన్న బండి అంటూ ఉండదు.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"తొమ్మిది వేలు."

"పొద్దున్నే తియ్యగానే శబ్దమేమైనా వస్తోందా?"

"శబ్దమనేదే లేదు."

"బండి ఇక్కడికి తీసుకురారాదూ? బానెట్ ఎత్తి చూసి చెబుతాను."

"వీధి మలుపులో పెట్టాను. ఇక్కడ చోటెక్కడుంది? నువ్వు చెబితే చాలు."

అన్న కళ్లద్దాలు సవరించుకుని అల్మారా వైపు తిరిగాడు. పని నేర్చినవాడు, ఇప్పుడు పెట్రోలో డీజిలో కూడా గట్టిగా చెప్పలేకపోతున్నాడు. పని మరిచిపోయాడు. మరిపించింది తనే.

పదకొండేళ్ల కిందట ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పనిచేసేవారు. అన్న పెద్ద మెకానిక్కు, తమ్ముడు ఆయన చేతి కింద. ఒకరోజు ఇలాంటి ఖరీదైన కారే సర్వీసుకు వచ్చింది. దానికి పొయ్యవలసిన పల్చటి ఆయిల్ అయిపోయింది. "ఆ చిక్కటిదే పొయ్యి, ఏం కాదు," అన్నాడు అన్న, మరో బండి కింద పడుకుని. తమ్ముడు పోశాడు. నెల తిరక్కుండా ఇంజను పట్టేసింది.

"పోసిందెవరు?" అన్నాడు వర్క్‌షాపు యజమాని.

"నేనే," అన్నాడు తమ్ముడు.

పొయ్యమన్నదెవరని ఎవరూ అడగలేదు. అన్న చెప్పలేదు. తమ్ముడు అన్న ముఖంలోకి ఒకసారి చూసి, చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప గానీ, అన్న గడప గానీ తొక్కలేదు.

పొయ్యమన్నది నేనే. రెండే మాటలు. గడ్డం గీసుకుంటూ, బస్సులో నిలబడి, ఎన్నిసార్లు వల్లించుకున్నాడో. "ఆ మాటేదో వెళ్లి చెప్పేసి రండి, నోరేం అరిగిపోదు," అనేది భార్య. ఆమె పోయి మూడేళ్లయింది. మాట మాత్రం అక్కడే ఉంది.

రెండు డబ్బాలు దించాడు. ఒకటి వెనక్కి పెట్టాడు. ఇంకోటి తీసి లేబులు మూడుసార్లు చదివాడు.

"ఇదిగో, ఇదీ నీ బండికి సరైంది. జీరో ట్వంటీ రకం. నీళ్లలా పల్చగా ఉందని ఎవడైనా వెక్కిరిస్తే వినకు. ఈ ఇంజన్లలో దారులు సన్నంగా ఉంటాయి. పొద్దున్నే తియ్యగానే పైదాకా పాకాలి."

తమ్ముడు డబ్బా మీద చెయ్యి వేశాడు. వెంటనే ఎత్తలేదు. "చిక్కటిది పోస్తే?"

అన్న మళ్లీ లేబులు వైపే చూశాడు. "పాడవుతుంది."

"తెలియక పోస్తేనో?"

"పోసినవాడి తప్పు కాదురా అది." అంతవరకూ రాగలిగాడు.

"మరి ఎవరిది?"

తమ్ముడు కోపంగా అడగలేదు. చిన్నప్పుడు సైకిలు గొలుసు ఊడితే పక్కన నిలబడి చూసేవాడే, అలా చూస్తున్నాడు.

"పొయ్య..." అన్నాడు అన్న.

"పెద్దాయనా, బ్రేక్ ఆయిల్ ఒకటి చూడండి," అని కేకేశాడు యజమాని. గుమ్మంలో ఆటో అతను నిలబడి ఉన్నాడు.

ఆ కేకతో అన్నకు ప్రాణం లేచివచ్చింది. గబగబా అటు వెళ్లాడు. ఒక నిమిషం పని అయిదు నిమిషాలు చేశాడు. తిరిగి వచ్చేసరికి తమ్ముడు డబ్బా సంచిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా అన్నయ్యా?"

"ఫిల్టరు కూడా మార్పించు."

తమ్ముడు తలూపాడు. "అలాగే. వస్తాను." మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"తమ్ముడున్నాడని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాడు యజమాని. "ఎక్కడి నుంచి వచ్చారు?"

అన్న చెప్పాడు.

"అంత దూరం నుంచా! దారి పొడుగునా కొట్లేగా. మీ మాటంటే ఎంత గురో ఆయనకి."

ఆ మాట ముల్లులా దిగింది. తన మాట విని చెడిపోయినవాడు, మళ్లీ తన మాట కోసమే అంత దూరం వచ్చాడు. వాడికి తనేమిచ్చాడు? ఫిల్టరు మార్పించమన్నాడు.

అన్న అటూ ఇటూ చూశాడు. వెనక్కి పిలవడానికి ఏదో ఒక వంక కావాలి. మేకుకు వేలాడుతున్న గరాటు కనిపించింది.

"గరాటు ఇవ్వడం మరిచిపోయాను," అని అది పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు.

మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. పొయ్యమన్నది నేనే, పొయ్యమన్నది నేనే అని ఊపిరితోపాటు అనుకుంటూ బట్టల కొట్టు దాటాడు, మందుల కొట్టు దాటాడు. ఈసారి ఎవరు కేకేసినా ఆగడు. అసలు మాట నోటిదాకా వచ్చేసింది. మలుపు తిరిగాడు. తళతళలాడుతూ పెద్ద కారు, దాని పక్కన వంగి తమ్ముడు.

కారుకు పెట్టిన ఛార్జింగ్ ప్లగ్గు పీకుతున్నాడు.