గోడవైపు తిరిగిన పునీతుడు

పోయిన వస్తువు దొరికేవరకు, పోయినవాటిని వెతికిపెట్టే పునీత అంతోనివారి కొయ్య స్వరూపం గోడకు ముఖం పెట్టి నిలబడవలెనన్నది ఆ ఇంటి తరతరాల శాసనం. తాళంచెవుల కోసం, కళ్లజోళ్ల కోసం ఆ మహానుభావుడు ఎన్ని శిక్షలు అనుభవించారో లెక్కలేదు. ఈసారి ఆ ఇంటావిడ, దర్జీ పని చేసుకునే ఆవిడ, కోరింది, సముద్రంలో మునిగిపోయిన భర్త వేలి ఉంగరం.

ఆ రాత్రి ఆవిడకు మెలకువ వచ్చి చూస్తే, పునీతుడు గదివైపు తిరిగి ఉన్నారు. అంటే ఉంగరం దొరికిందన్నమాట.

అంతలో కిటికీ అద్దం మీద టక్కుమని లోహం తగిలిన చప్పుడు. బతికుండగా భర్త పనినుంచి వస్తే ఉంగరంతో అలాగే తట్టేవాడు.

"ఉంగరం ఒక్కటే అడిగాను స్వామీ," అని గొణిగిందావిడ. "వేలితో సహా కాదు."

చప్పుడు ఆగలేదు. ఆవిడ లేచి స్వరూపాన్ని మళ్లీ గోడవైపు తిప్పబోయింది.

"ఉండనీయమ్మా," అంది పక్కమంచం మీది కూతురు, నిద్రమత్తులోనే. "దుమ్ము తుడుస్తూ నేనే ఇటు తిప్పాను."