నవ్వితేనే తాళంచెవి

"ఊడ్చేవాడి నడుముకు రంపాల తాళంచెవులేంటి?"

కొత్త సూపర్‌వైజరు ఆ సామిల్లులో అడుగుపెట్టి అన్న మొదటి మాట అది.



మిల్లులో మూడు రంపాలు. మూడింటికీ స్విచ్చుపెట్టెలు, పెట్టెలకు తాళాలు. ఆ మూడు తాళంచెవులూ పొట్టు ఊడ్చే ముసలాయన నడుముకు కట్టిన తాడుకు వేలాడేవి. ఆయన్ని అందరూ వెటకారం తాత అనేవారు.

పొద్దున ఏడింటికి పనివాళ్లు ఆయన ముందు వరసకట్టేవారు. ఒక్కొక్కరినీ ఏదో ఒకటి అనకుండా ఆయన తాళంచెవి ఇచ్చేవాడు కాదు.

"ఏం అల్లుడూ, మొహం అలా ఉబ్బింది? రాత్రి మా అమ్మాయి చేతిలో ఉన్నది గరిటా, రోకలా?"

అది ఉత్త వేళాకోళపు వరసే. పెద్దరంపం మేస్త్రీ తడుముకోలేదు.

"గరిటె నిన్ననే విరిగింది మామా. రోకలి మీరే పంపించాలి."

వరసంతా ఘొల్లుమంది. తాళంచెవి మేస్త్రీ చేతిలో పడింది.

వెనకవాడి తల ఒకవైపు నున్నగా, ఒకవైపు దుబ్బుగా ఉంది.

"నీకు క్షవరం చేసినవాడు మధ్యలో భోజనానికి లేచిపోయాడట్రా?"

"ఊ" అన్నాడు వాడు.

తాత వాడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"ఇవాళ నువ్వు పలకలు పేర్చు. రంపం సంగతి రేపు చూద్దాం."

వాడు పలకల వైపు నడిచాడు.

సూపర్‌వైజరుకు ఒళ్లు మండింది. చీపురు పట్టినవాడు పని పంచుతున్నాడు. ఏడూ ఇరవై అయినా ఒక్క రంపమూ తిరగలేదు.

"ఇది మిల్లా, నాటకాల కంపెనీయా?"

"నవ్వుతామే గానీ పని ఎగ్గొట్టం సార్" అన్నాడు మేస్త్రీ.

"నిన్నెవరడిగారు? ఇకనుంచి అడిగినదానికే జవాబు. అడగనిది నా దగ్గరికి తేవద్దు."

తాత నడుము దగ్గర ముడి విప్పాడు. మిగిలిన రెండు తాళంచెవులూ బల్లమీద పెట్టాడు.

"వీటిని మేకుకు తగిలించకండి సార్. చేతికివ్వండి. ఇచ్చేటప్పుడు మొహం చూడండి."

"నాకు నేర్పుతావా?"

"నేను ఆలస్యంగా నేర్చుకున్నాను సార్. మీకైనా ముందు చెబుదామని."

"రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆఫీసు గోడకు పాత మేకు ఒకటుంది. తుప్పుపట్టినా గట్టిగానే ఉంది. మర్నాటినుంచి తాళంచెవులు దానికే వేలాడాయి. ఎవరిది వాళ్లు తీసుకునేవారు. ఏడు కొట్టగానే రంపాలు తిరిగేవి. కోత పెరిగింది. యజమాని మెచ్చుకున్నాడు.

మిల్లులో మాట వినబడటం మానేసింది. అదే పద్ధతి అనుకున్నాడు సూపర్‌వైజరు.

శ్మశానంలో కూడా ఎవరూ గోల చెయ్యరు.

పందొమ్మిదో రోజు పొద్దున పెద్దరంపం మేస్త్రీ మేకు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు.

"వచ్చానండీ" అన్నాడు.

"ఊ" అన్నాడు సూపర్‌వైజరు కుర్చీలోంచే, కాగితాల మీదినుంచి తల ఎత్తకుండా.

తొమ్మిదింటికి మేస్త్రీ కుడిచేతి వేళ్లు నాలుగు పొట్టులో పడ్డాయి.

ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి సూపర్‌వైజరు అడిగాడు.

"ఇరవయ్యేళ్లుగా చేస్తున్న చెయ్యి. ఎలా జారింది?"

"రెండు రాత్రులు కునుకు లేదు సార్. ఇంటిదానికి ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. తెల్లవార్లూ కూర్చోబెట్టి పట్టుకున్నాను."

"నాతో ఒక్కమాట చెప్పాల్సింది కదయ్యా!"

"మీతోనా?"

మేస్త్రీ కట్టుకట్టిన చేతిని చూసుకున్నాడు.

"మీరు అడగలేదు సార్."

మళ్లీ తనే అన్నాడు. "తాతకూ చెప్పేవాణ్ణి కాదు. ఆయనకు చెప్పక్కర్లేదు. ఒక వెటకారం విసిరేవాడు. తిరిగి విసరలేనివాణ్ణి ఆ పూట రంపం దగ్గరికి పోనిచ్చేవాడు కాదు."

ఆ సాయంత్రమే సూపర్‌వైజరు తాత గది వెతుక్కుంటూ వెళ్లాడు. ఆలస్యంగా వచ్చిన తెలివి తెగిన వేళ్లను అతకదు. అయినా వెళ్లాడు.

సందు చివర ఒంటిగది. తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కబురు ముందే చేరినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

సూపర్‌వైజరు మూడు తాళంచెవులూ గడపమీద పెట్టాడు.

"మీరు మళ్లీ రావాలి పెద్దాయనా."

'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. నాలుగు వేళ్ల ఖరీదు.

తాత వాటిని ముట్టుకోలేదు. అతని మొహంలోకి చూశాడు.

"ఏం సార్, మీసం అలా వాలిపోయింది? అదీ సెలవుచీటీ రాసిందా?"

అని, బదులు కోసం ఆగాడు. వరసలో ప్రతివాడి కోసం ఆగినట్టే ఆగాడు.

సూపర్‌వైజరు పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"అయితే రేపు మీరు ఆ కుర్చీలో కూర్చోకండి" అన్నాడు తాత.

తాళంచెవులను మెల్లగా అతనివైపు జరిపాడు.

"ఆ మేకు కొట్టింది నేనే సార్. ఈ మేస్త్రీ వాళ్ల నాన్న అదే రంపం కింద పోయినరోజు దాకా, పద్నాలుగేళ్లు, ఆ కుర్చీలో కూర్చున్నదీ నేనే."